ముందు కొండకి వెళ్ళండి, తర్వాత మా ఇంటికి రండి

మా ఇంట్లో దిగి వెళ్ళినవాళ్ళందరికీ, ఈ శీతాకాలం వద్దామని ఫోన్లు చేస్తున్నవాళ్ళకీ నమస్కారమండి. గోదారిలో ఎర్రనీళ్ళు ఇంకా పూర్తిగా తేటపడలేదు. దసరా వెళ్ళగానే బుకింగులు మొదలుపెడతాం. ఈలోపు కొన్ని సంగతులు చెప్పేయాలి. వాటిలో ఒకటి చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. కోనసీమలో రాజోలు దగ్గర కాలవ గట్టున మాదొక పాత మండువా ఇల్లు. మావయ్యగారు పోయాక అంత ఇంట్లో నేనూ, మావారూ, అత్తయ్యగారూ మిగిలాం. నాలుగేళ్ళ కిందట మూడు గదులు బాగుచేయించి, ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టాం. వంట నేనూ అత్తయ్యగారూ చూసుకుంటాం. తోట, కరెంటు, మోటారు గొడవలు మావారివి. పదమూడు సీట్ల వ్యాను మా తమ్ముడిది, వాడే తోలతాడు. సముద్రం చూడాలి, గోదారి చూడాలి, కొండలు చూడాలి అనేవాళ్ళని వాడే తిప్పుకొస్తాడు.

సీజనులో నాకు రోజూ వచ్చే ఫోను ఇలా ఉంటుంది. "మేడమ్, శుక్రవారం రాత్రి బయల్దేరతాం, ఆదివారం రాత్రి రైలుకి వెనక్కి. పాపికొండలు, మారేడుమిల్లి, అంతర్వేది, అప్పనపల్లి, యానాం అన్నీ అయిపోతాయా?" మూడేళ్ళపాటు నేను చెప్పిన జవాబు ఒకటే: "అయిపోతాయండి."

అవవు. అవవని నాకు తెలుసు కూడా.

పోయిన డిసెంబరులో హైదరాబాదు నుంచి తొమ్మిదిమంది వచ్చారు. అన్నదమ్ములిద్దరి కుటుంబాలు, ముగ్గురు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళ అమ్మగారు. శుక్రవారం రాత్రి రైలెక్కి శనివారం పొద్దున్న పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన మీదుగా మా ఇంటికి వచ్చారు. ఆ రోజంతా అంతర్వేది, అప్పనపల్లి, యానాం పరుగులు పెట్టించాను. ఆదివారం మారేడుమిల్లి, సోమవారం పాపికొండలు, అటునుంచటే రాత్రి రైలు. సోమవారం సెలవు పెట్టించింది నేనే, "ఒక్క రోజు కలుపుకోండి, అన్నీ అయిపోతాయి" అని.

మా ఊరి నుంచి మారేడుమిల్లి ఒక వైపే దాదాపు 170 కిలోమీటర్లు. మామూలుగా ఐదు గంటల దారి. తెల్లవారుజామున మూడింటికి బండి తీశాడు తమ్ముడు. దారిలో టిఫిన్‌కి ఆగకుండా ఉంటుందని అత్తయ్యగారు ముందురోజు సాయంత్రమే నలభై పొట్టిక్కలు చేశారు. తినని వాళ్ళకి చెప్తాను. నాలుగు పనసాకులు తీసుకుని, కొబ్బరి ఈనెల్ని చిన్న పుల్లలుగా విరిచి, ఆకులకి గుచ్చి బుట్టలా కుట్టాలి. అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెడతాం. ఆకు వాసన పిండిలోకి దిగితేనే దాని రుచి. ఆకు కుట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు, రెండోది కుట్టేసరికి మొదటిది విడిపోతుంది. అత్తయ్యగారు మాత్రం టీవీ చూస్తూనే నలభై కుట్టి పక్కన పెట్టేస్తారు.

ఆ నలభైలో ఆరు కూడా ఖర్చవలేదు. రంపచోడవరం దాటి ఘాటు రోడ్డు మలుపులు మొదలవగానే ముందు చిన్నపిల్లకి, దాన్ని చూసి మిగతా ఇద్దరికీ వాంతులు. నాలుగుచోట్ల బండి ఆపి, మారేడుమిల్లి చేరేసరికి తొమ్మిదిన్నర. కార్తీకం వెళ్ళినా ఆదివారం పిక్నిక్ జనం తగ్గలేదు. జలతరంగిణి జలపాతం దగ్గర బండి పెట్టడానికే అరగంట. బొంగు చికెన్ కోసం గంట నిలబడ్డారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకు మూతపెట్టి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చే వంట అది. మీకు ఆలస్యమైపోతోందని తొందరగా కాలదు. పెద్దావిడ బండి దిగలేదు, దిగితే మళ్ళీ ఎక్కలేననుకున్నారు. మూడింటికి వెనక్కి తిరిగితేగాని చీకటిపడకముందు ఘాటు దిగలేరని తమ్ముడు పట్టుబట్టాడు. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పొట్టిక్కల డబ్బా తెరిస్తే పులిసిన వాసన.

మర్నాడు ఇంకా అన్యాయం. గండిపోచమ్మ రేవులో బోటు సీట్లు ఒక ఏజెంటు ద్వారా చెప్పించాను. "కన్ఫర్మ్ అమ్మా, నాదీ పూచీ" అన్నాడు. తీరా రేవుకి వెళ్తే పేర్లు లేవు. బోటుకి ఇంతమంది అని లెక్క ఉంటుంది, దానికి మించి ఎక్కించరు. ఎక్కించకూడదు కూడా, ఆ సంగతి కింద చెప్తాను. ఏజెంటు ఫోను ఎత్తలేదు. వాళ్ళు అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, రేవులో ఫొటోలు దిగి, రాజమండ్రి వెళ్ళి రైలెక్కారు.

వెళ్ళేముందు పెద్దావిడ నాకు ఫోను చేశారు. కోప్పడలేదు. "అమ్మాయ్, మీ కాలవ గట్టున అరుగుంది చూశావూ, దానిమీద ఓ పూట కూర్చుందామనుకున్నాను. కుదరనే లేదు" అన్నారు. బోటు డబ్బులు, ఒక రాత్రి గది అద్దె వాళ్ళకి తిరిగి పంపాను. అత్తయ్యగారు మాత్రం ఆ పొట్టిక్కలు పారేసిన సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు సిగ్గుపడే సంగతి. ఆ ప్లాను అలా ఎందుకు వేశానంటే, వాళ్ళ రాత్రులన్నీ మా గదుల్లోనే గడవాలని. కొండ మీద ఒక రాత్రి ఉంటే ఆ రాత్రి అద్దె నాకు రాదు కదా. అందుకని కొండని "పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు" అని అమ్మాను. మూడేళ్ళూ అందరికీ అలాగే అమ్మాను. కొందరు ఓపికవాళ్ళు కాబట్టి ఏమీ అనలేదు, అంతే.

కాబట్టి ఈ సీజను నుంచి కొండకి మా ఇంటినుంచి ఒక్కరోజు ట్రిప్పులు లేవు. కొండా సముద్రమూ రెండూ కావాలంటే మూడు రాత్రులు, అదీ కొండతో మొదలు. మీరు రైలు టిక్కెట్లు తీసేముందే ఈ వరస చూసుకోండి. వెళ్ళే టిక్కెట్టు రాజమండ్రికి, వచ్చే టిక్కెట్టు నరసాపురం నుంచి. ఇదొక్కటి సరిగ్గా చేస్తే సగం ప్లాను అయిపోయినట్టే. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తయితే ఈ బాధలేవీ ఉండవనుకోండి. నా పెళ్ళికి ముందు నుంచీ వింటున్నాను ఆ మాట.

రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. తమ్ముడు స్టేషను బయట ఉంటాడు. గోకవరం, రంపచోడవరం మీదుగా మూడు గంటల్లోపు మారేడుమిల్లి. పొద్దుటిపూట ఖాళీ కడుపుతో కాకుండా, కడుపునిండా కాకుండా, రెండు ఇడ్లీలు తిని ఘాటెక్కండి. వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెడతాం. ఆ రాత్రి అక్కడే. గదులు మీరే చూసుకోవాలి. కావాలంటే నాకు తెలిసిన రెండు మూడు చోట్ల నంబర్లిస్తాను, కమీషను తీసుకోను. అక్కడ సిగ్నలు సరిగ్గా ఉండదు, ఆఫీసు ఫోనుందని టెన్షన్ పడేవాళ్ళు ముందే చెప్పుకొని రండి.

రెండోరోజు ఒకటే ఎంచుకోవాలి. గుడిసా, పాపికొండలా? రెండూ కుదరవు, ఎన్నిసార్లడిగినా కుదరవు. గుడిస అంటే చెట్టన్నది తక్కువగా ఉండే, పచ్చగడ్డి పరుచుకున్న కొండకొమ్ము. సూర్యోదయానికి అక్కడుండాలి, అంటే మూడింటికల్లా లేవాలి. మా వ్యాను ఎక్కదు, మారేడుమిల్లిలో జీపు మాట్లాడుకోవాలి. చివర్న దారి ఎముకలు కదిలిపోయేలా ఉంటుంది. మబ్బు కిందుంటే స్వర్గం, మబ్బు మనమీదే ఉంటే తెల్లగోడ చూసి దిగిరావడమే. దానికి నేను పూచీ కాదు. కుర్రాళ్ళయితే గుడిస వెళ్ళండి. పెద్దవాళ్ళుంటే బోటు. ఇది నా సలహా, పట్టుబట్టను.

బోటంటే గండిపోచమ్మ రేవు నుంచి గోదారికి ఎదురు వెళ్ళి, పాపికొండల మధ్య నుంచి పేరంటపల్లి దాకా. మా దగ్గర గోదారి చూసినవాళ్ళకి అక్కడి గోదారి వేరే నది అనిపిస్తుంది. ఇక్కడ అవతలి ఒడ్డు ఒక గీతలా కనిపించే నీళ్ళు అక్కడ రెండు కొండల మధ్య నొక్కుకుని పోతుంటాయి. పోలవరం పనుల వల్ల ఖాళీ అయిన ఊళ్ళు కూడా ఆ దారిలోనివే. కిటికీ పక్కన డాన్సు పాటలు మోగుతుంటే అవి చూడ్డం నాకైతే బాధగా ఉంటుంది, కానీ బోట్లలో పాటలు ఆపించడం నా వల్ల అయ్యే పని కాదు.

బోటు గురించి ఒక మాట గట్టిగా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. గోదారి వరద మీదున్న రోజులవి. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆపేశారు. ఇప్పటికీ నీటిమట్టం చూసి, అనుమతి ఇస్తేనే నడుస్తాయి. ఆ రోజు ఆపేశారంటే ఆపేసినట్టే, "ఎవరినైనా పట్టుకుని ఎక్కించండి" అని నన్ను అడగొద్దు. ఎక్కాక లైఫ్ జాకెట్టు వేసుకోవాలి, ఫొటో బాగా రాదని విప్పేయకూడదు. ఇవ్వకపోతే దిగిపోండి. టిక్కెట్టు ఇకమీదట నా ప్యాకేజీలో లేదు. మీరే తీసుకోండి. ముందురోజు బోట్లు నడుస్తున్నాయో లేదో కనుక్కుని చెప్పడం వరకే నా పని.

ఆ రాత్రి రాజమండ్రిలో పడుకుని, మూడోరోజు కిందికి. నాకిష్టమైన రోజు ఇదే. హైవే ఎక్కించకుండా ధవళేశ్వరం మీదుగా తీసుకొస్తాడు తమ్ముడు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట అక్కడే ఉండేది, ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. అక్కడిదాకా అఖండ గోదారి, అక్కడినుంచి గౌతమి, వశిష్ఠ. బ్యారేజీ దాటి కాలవ గట్టు పట్టుకుంటే లొల్ల లాకులు, ఆత్రేయపురం. పూతరేకులు కొనేముందు రేకు తీయడం చూడండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండమీద ఒక్కసారి అలా లాగుతారు, అంతలోనే రేకు లేస్తుంది. 2023లో దానికి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు వచ్చింది, కానీ ఆ పొగలో కూర్చునే ఆడవాళ్ళ కళ్ళు ఇప్పటికీ ఎర్రగానే ఉంటాయి. బేరం మరీ ఎక్కువ ఆడకండి.

తర్వాత పి.గన్నవరం అక్విడక్టు. పిల్లలుంటే ఇక్కడ తప్పకుండా ఆపించండి. కింద వైనతేయ పాయ, దాని మీద వంతెనలాగా కాలవ. నదిని నది దాటుతున్నట్టుంటుంది. మా లంకకి సాగునీళ్ళు దాని మీదనుంచే వస్తాయి. మా ఇంటిముందు పారేవీ ఆ నీళ్ళే.

మూడో రాత్రి మా ఇంట్లో. ఆ సాయంత్రం ప్లాను ఏమీ లేదు, కావాలనే పెట్టలేదు. నాలుగోరోజు పొద్దున్న అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి వెళ్ళొచ్చు. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది నీళ్ళకీ సముద్రం నీళ్ళకీ రంగు తేడా తెలుస్తుంది. చూడండి, స్నానానికి మాత్రం దిగకండి. అక్కడ నీళ్ళు పైకి కదలనట్టుంటాయి, కింద లాగుతుంటాయి. ఆ తర్వాత సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం. బళ్ళూ, మోటారు సైకిళ్ళూ, చేపల బుట్టలూ, మనుషులూ అంతా ఒకే పంటు మీద. హౌస్‌బోటు కావాలని అడిగేవాళ్ళకి ముందు పంటు ఎక్కమంటాను. ఇంకోటి, కోనసీమని "ఆంధ్రా కేరళ" అంటే నాకు చిరాకు. వాళ్ళది వాళ్ళది, మాది మాది.

ఎప్పుడు రావాలి అంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి. జలపాతాల్లో నీళ్ళు కావాలంటే ముందుగా రండి, చలి కావాలంటే డిసెంబరు, జనవరి. కార్తీకం ఆదివారాలు మాత్రం వద్దు. నవంబరులో తుఫాను భయం ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి నేను ఆరో తరగతి. పొద్దున్న లేచేసరికి మా పుట్టింటి పెరట్లో నిలబడ్డ కొబ్బరిచెట్టు ఒక్కటీ లేదు. అందుకని తుఫాను హెచ్చరిక వస్తే మీరడగక్కర్లేదు, నేనే బుకింగు రద్దుచేసి డబ్బు మొత్తం వెనక్కి పంపుతాను. ఆగస్టులో వరద చూడ్డానికి వస్తామని కొందరంటారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది వచ్చిందంటే మావారు తోట సామాను పైకెక్కిస్తుంటారు, ఆ టైములో అతిథులకి కాఫీ కలపడం నావల్ల కాదు. ఎండాకాలంలో కాలవ కట్టేస్తారు, అప్పుడొస్తే మీకు కనిపించేది బురదా, అందులో ఆడుకునే పిల్లలూ.

సంక్రాంతి నాలుగు రోజులూ గదులు ఇవ్వం. ఎంతిస్తామన్నా ఇవ్వం. మా ఆడపడుచులూ, వాళ్ళాయనలూ, పిల్లలూ దిగుతారు, మేమే హాల్లో పడుకుంటాం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చేవాళ్ళు బస రాజమండ్రిలో చూసుకోవడం మేలు. మాఘంలో భీష్మ ఏకాదశి చుట్టుపక్కల అంతర్వేది తీర్థం, ఆ రోజుల్లో అటు వ్యాను కదలదు.

పులస గురించి. శీతాకాలంలో అడగొద్దండి. వరద నీళ్ళకి సముద్రంలోంచి గోదారిలోకి ఎదురీదే చేప అది. వరద పోతే చేపా పోతుంది. డిసెంబరులో ఎవరైనా పులస పులుసు అని పెడితే అది ఎక్కడో ఐసులో పడుకుని వచ్చిందనుకోండి. నేను కొర్రమీనో, చందువానో, రొయ్యలో ఏది దొరికితే అది వండుతాను.

ఫొటోల సంగతి కూడా. మా గదుల ఫొటోల పక్కన సముద్రం ఫొటో పెట్టడంతో ఇంటినుంచి సముద్రం కనిపిస్తుందనుకుని ముగ్గురొచ్చారు. కనిపించదు. అది తీసేశాం. మా ఇంటినుంచి కాలవ, అవతల కొబ్బరితోట, తోటలో మావారు, అంతే. రెండు గదులకే ఏసీ ఉంది. దోమలుంటాయి, తెరలు కడతాం. మూడో గదికి బాత్రూము బయట వరండాలో.

గది అద్దె రాత్రికి 2,200 ఉండేది, 2,500 చేశాం. మీరు ఒక రాత్రే ఉంటారు కాబట్టి నాకు తగ్గేది కొంత ఇలా పూడ్చుకుంటున్నాను, దాచడమెందుకు. నాలుగు రోజులకి వ్యాను 24,000, డీజిలూ డ్రైవరు బత్తా అందులోనే. కొండ వద్దు, ఉత్తినే మా ఇంట్లో రెండు రోజులు పడుకుంటాం అనేవాళ్ళకి రెండో రాత్రి 2,000 చాలు.

పోయినేడు ఆ తొమ్మిదిమంది కుటుంబానికి మొన్న ఫోను చేశాను. పెద్దావిడ ఒక్కరూ ఫిబ్రవరిలో వస్తామన్నారు, వారం రోజులుంటారట. డబ్బుల మాట ఎత్తితే అత్తయ్యగారు ఫోను లాక్కుని పొట్టిక్కల సంగతి మొదలుపెట్టారు. ఆ వారం కాలవ వైపు గది ఖాళీ లేదు, మిగిలిన రెండింటికీ అడగండి. ఫోను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చేయండి, మిగతా టైములో పొయ్యి దగ్గరుంటాను.